సేవకు వెల కడతారా?

మా తమ్ముడు న్యూజెర్సీలో ఉంటాడు. అమ్మంటే వాడికి ప్రాణం, అందుకే వారానికోసారి వీడియో కాల్ చేస్తాడు. పోయిన ఆదివారం వాడు చెప్పిన సంగతి విన్నప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. అమెరికాలో మెడికెయిడ్ అని ప్రభుత్వ పథకం ఉందట. ఆదాయం తక్కువున్న రోగికి ఎన్ని గంటల సాయం కావాలో లెక్కగట్టి, చాలా రాష్ట్రాల్లో ఆ పనికి కూతురినో కోడలినో పెట్టుకోనిచ్చి, గంటకింత అని జీతమిస్తారట. ఇంగ్లండులో వారానికి కనీసం 35 గంటలు చూసుకునేవాళ్లకు భత్యమట.

నా ఖర్మ కొద్దీ ఫోన్ స్పీకర్‌లో ఉంది. పక్కనే అమ్మకు జావ పోస్తున్న మా ఆవిడ తలెత్తకుండానే, "ముప్పై అయిదా? మంగళారం రాత్రికే అయిపోతాయి గదా. బుధారం నుంచి దుడ్లు డబులిస్తారా?" అంది.

ఇలాంటి మాటలే సంసారాలను కూలుస్తాయి. అత్తకు చేసేది సేవ. సేవకు వెల కట్టడం మన సంస్కృతిలో ఉందా? అందులోనూ తిరుపతిలో?

అమ్మకు పక్షవాతం వచ్చి రెండేళ్లయింది. ఎడమ వైపు పడిపోయింది. మొదట్లో ఒక హోమ్ నర్సును పెట్టాం. పగలు మాత్రమే డ్యూటీ, నెలకు 18 వేలు, ఆదివారం సెలవు, పైగా రెండు పూటలా కాఫీ. నాలుగో రోజు "పేషెంటు బరువెక్కువ సార్" అని వెళ్లిపోయింది. డబ్బుకు చేసేవాళ్లు ఇంతే, నిలవరు. మా ఆవిడను చూడండి, ఒక్క రూపాయి తీసుకోదు కాబట్టి ఎక్కడికీ పోలేదు.

నేనేమీ చేయననుకోకండి. మంచంలో ఉన్న పక్షవాతం రోగులకు ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 15 వేల పింఛను. ఒకటో తారీఖున సచివాలయం వాళ్లు ఇంటికే తెస్తారు. అమ్మ వేలిముద్ర ఒక పట్టాన పడదు. మా ఆవిడ తడిగుడ్డతో వేలు తుడిచి, కాస్త కొబ్బరినూనె రాసి, మిషన్ మీద అదిమి పట్టుకుంటుంది. మూడోసారికో నాలుగోసారికో పడుతుంది. అంతటితో ఆమె పని అయిపోయింది. ఆ డబ్బు లెక్కపెట్టి బీరువాలో పెట్టే బరువంతా నాదే.

చట్టం కూడా నా పక్షమే. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్‌లో, ఎక్కువ ఆసరా కావాల్సినవాళ్లకు సంరక్షకుల భత్యం అనే మాట ఉందని మా ఆవిడ ఫోన్‌లో చూపించింది. నేను దానికి పైనున్న వాక్యం చూపించాను. ప్రభుత్వం తన ఆర్థిక స్తోమతకు లోబడి ఇస్తుంది. ఎంత గొప్ప మాట! పెళ్లయినప్పటి నుంచి నేను చెబుతున్నదీ అదే. కేరళ మాత్రం తొందరపడి, ఆశ్వాసకిరణం అని పేరు పెట్టి, మంచం పట్టినవాళ్లను చూసుకునేవాళ్లకు నెలకు 600 అంది. రోజుకు 20 రూపాయలు. ఆడవాళ్లు చెడిపోవడానికి అది చాలదా?

అసలు తంటా జావతో వచ్చింది. తల కాస్త ఎత్తిపెట్టి, కుడి బుగ్గలో అరచెంచా పోసి ఆగాలి. గుటక పడ్డాకే రెండోది. ఎడమ వైపు పోస్తే పెదవి మూల నుంచి మెడ మీదికి కారిపోతుంది, లేదంటే పొలమారుతుంది. ఈ విద్య నాకు మొన్న గురువారం దాకా తెలియదు. చిత్తూరులో మా అత్తగారికి జ్వరమొచ్చి, చూసే దిక్కు లేక మా ఆవిడ బయల్దేరింది. అక్కడిదీ ఉచిత సేవే కదా అని నేను అడ్డు చెప్పలేదు. రెండు రోజులకు చేయాల్సినవి ఒక చీటీ మీద రాసి పొమ్మన్నాను.

రాసింది.

"సుప్రభాతం, తెల్లారుజామున 3 గంటలకు: డైపర్ మార్చాల. 120. తోమాల: వీపు తుడిచి, పౌడరేసి, పక్కకు తిప్పాల. మళ్లా రెండు గంటలకొకసారి. 220. అర్చన: అత్త తిడతాది, వినాల. 220. కల్యాణోత్సవం, 1000: అది ఇరవై రెండేళ్ల కిందటే అయిపోయింది."

అన్నీ కొండమీది రేట్లే, ఒక్క రూపాయి ఎక్కువ వేయలేదు. సిఫార్సు లెటర్ తెస్తే ఏమైనా చూస్తావా అని అడుగుదామని గేటు దాకా పరుగెత్తాను. అప్పటికే ఆటో మలుపు తిరిగిపోయింది.