రెండు గీతల పుస్తకం

తిరుపతి లాడ్జీల కౌంటర్ల దగ్గర అప్పుడప్పుడూ ఓ చిన్న పంచాయితీ నడుస్తుంటుంది. వచ్చినాయన మాట్లాడేది తమిళమే, కానీ చెన్నై తమిళం కాదు. లండన్ నుంచి వచ్చానంటాడు. పాస్‌పోర్టు అడిగితే నీలం పుస్తకం తీస్తాడు. అట్ట మీద ఎడమవైపు పై మూలన రెండు నల్ల గీతలు, ‘ట్రావెల్ డాక్యుమెంట్’ అన్న అక్షరాలు. లోపల యంత్రం చదివే వరసలో జాతీయత కోడ్ ఉండాల్సిన చోట ‘ఎక్స్ ఎక్స్ బి’. విదేశీయులు దిగితే అధికారులకు పంపే సి-ఫారంలో ఏ దేశమని నింపాలో కౌంటర్లోని కుర్రాడికి పాలుపోదు. ‘పాస్‌పోర్టు ఇవ్వండి సార్’ అని మళ్లీ అడుగుతాడు. ‘నాకున్నది ఇదే తంబీ’ అంటాడాయన. వెనక నిలబడ్డవాళ్లకు దర్శనం టైము మించిపోతోందని కంగారు.

ఆ పుస్తకం దొంగ కాగితం కాదు, శరణార్థులకిచ్చే ప్రయాణ పత్రం. ‘ఎక్స్ ఎక్స్ బి’ అంటే శరణార్థి అని. సొంత దేశాన్ని పాస్‌పోర్టు అడగలేనివాళ్లకు ఆశ్రయమిచ్చిన దేశమే ప్రయాణ పత్రం ఇవ్వాలని 1951 శరణార్థుల ఒప్పందం 28వ అధికరణం చెబుతోంది. అంతకుముందే, 1922లో, రష్యా నుంచి చెల్లాచెదురైన వాళ్ల కోసం నానాజాతి సమితి శరణార్థుల కమిషనర్ నాన్సెన్ ఇలాంటి పత్రాన్ని తెచ్చాడు. ఈ పుస్తకంతో ఏ దేశానికైనా వీసా అడగవచ్చు, విడిచి వచ్చిన సొంత దేశానికి తప్ప. అందుకే శ్రీలంకలోని జాఫ్నాలో కలుసుకోలేని తల్లీబిడ్డలు చెన్నైలో కలుసుకుంటారు. సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఇక్కడికొచ్చి, మనవడి పుట్టువెంట్రుకలు తీయించి, మొక్కు తీర్చుకుని, తలో దారీ పట్టి వెళ్లిపోతారు.

చిక్కంతా అక్కడిదాకా రావడంలోనే ఉంది. జాఫ్నాలో ఉన్న తల్లికి శ్రీలంక పాస్‌పోర్టుంది కాబట్టి ఇంట్లో కూర్చునే మన ఈ-వీసాకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. లండన్‌లో ఉన్న కొడుక్కి ఆ దారి లేదు. పాస్‌పోర్టు కాని ప్రయాణ పత్రాలకు ఈ-వీసా వర్తించదని సూచనల్లో ఒక్క లైను ఉంది, అంతే. అతను మామూలు వీసాకు వెళ్లాలి. కాగితాలతో పాటు పుస్తకం కూడా అప్పగించి ఎదురుచూడాలి. అమెరికాలో ఉన్నవాళ్ల అవస్థ మరొకటి. అక్కడ ఇచ్చే పత్రం గడువు ఏడాదే. మనవాళ్లు కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలంటారు. ఇక ప్రయాణానికి చేతిలో మిగిలేదెంత? ఏ లోటు లేకుండా వీసా వచ్చినా, తిరుపతి బస్టాండు రద్దీలో ఆ పుస్తకం జేబు జారితే అంతే సంగతులు. పుస్తకం ఇచ్చిన దేశపు దౌత్య కార్యాలయం తమ పౌరుడికి పలికినట్టు పలకాలన్న నియమం ఒప్పందంలోనే లేదు.

భద్రత మాటేమిటి, ఎవరో వచ్చి ఇక్కడే ఉండిపోతే అని ఢిల్లీ అడగవచ్చు. అడగాలి కూడా. కానీ ఈ పత్రం గడువులో ఉన్నంతకాలం దాన్నిచ్చిన దేశం మనిషిని వెనక్కి రానివ్వాలి. అది ఒప్పందం అనుబంధంలోని 13వ పేరా. తిరిగి పోవడానికి చోటు లేదేమోనన్న అనుమానానికి జవాబు అందులోనే ఉంది. మనం ఆ ఒప్పందంపై సంతకం చేయలేదు, నిజమే. చేసిన దేశాలూ వెనకాడాయి, అదీ నిజమే. శరణార్థులు వీసా లేకుండా మూడు నెలల దాకా ఒక దేశం నుంచి మరో దేశానికి వెళ్లి రావచ్చని 1959లో యూరప్ దేశాలు రాసుకున్న ఒప్పందాన్ని ఫ్రాన్స్ 1986లో, బ్రిటన్ 2003లో పక్కన పెట్టేశాయి. మేము అంత దూరం పొమ్మనడం లేదు. వీసా తీసేయమని కాదు, ఈ-వీసా దరఖాస్తు కిటికీ వాళ్లకూ తెరవమని.

ఇలా అడగడానికి మాకో కారణముంది. చలికాలంలో ఆంధ్ర పట్టణాల్లో స్వెట్టర్లు అమ్మే టిబెటన్లను చూస్తూనే ఉంటాం. వాళ్లలో విదేశాలకు వెళ్లేవాళ్లకు మన ప్రభుత్వం ఇచ్చేది పాస్‌పోర్టు కాదు, పసుపు రంగు గుర్తింపు ధ్రువపత్రం. 1967 పాస్‌పోర్టు చట్టంలోనే దానికి చోటుంది. తిరిగి వస్తే మేం రానిస్తామన్న భారత ప్రభుత్వ హామీయే దాని విలువ. మన పసుపు పుస్తకాన్ని జర్మనీ, అమెరికా నమ్మాలి గానీ వాళ్ల నీలం పుస్తకాన్ని మన వెబ్‌సైటు చూడను కూడా చూడదు. ఇదెక్కడి లెక్క? కావాలంటే వేలిముద్రలు తీసుకోండి, నివాస అనుమతికి తగినంత గడువు మిగిలి ఉండాలనండి, అనుమానమొస్తే పిలిచి మాట్లాడండి. ఇన్ని రోజుల్లో అవునో కాదో చెబుతామని మాత్రం రాసిపెట్టండి.

కొండ కింద చేయదగిన పనికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు. రెండు గీతల పుస్తకం ఎలా ఉంటుందో, ఆ మూడక్షరాల కోడ్‌కు అర్థమేమిటో, సి-ఫారంలో దాన్ని ఎలా నింపాలో ఒక్క కాగితం మీద తెలుగులో అచ్చువేసి పోలీసు శాఖ లాడ్జీలకు పంచవచ్చు. దర్శనం టికెట్ల కౌంటర్లకూ అదే కాగితం పంపవచ్చు. లాడ్జీల్లో తాళంచెవులు తగిలించే బోర్డు పక్కన ఆ మాత్రం ఖాళీ ఉంటుంది.