గుక్కెడు గాలి, అయిదు చెంచాల సోడా

తాగేనీళ్ల క్యాను కోసం వాకిట్లో ఎదురుచూసే అనంతపురంలో నేను ఇంట్లో సముద్రం పెట్టుకున్నాను. రెండు వందల లీటర్లు. అందులో నాలుగు రాళ్లు, రాళ్ల మీద పగడాలు, రెండు చేపలు. బయట ఎండ 42 డిగ్రీలున్నా వాటికి 25 దగ్గరే ఉండాలి. అందుకే వాటికి చిల్లరు, మాకు కూలరు.

"పగడమంటే ఉంగరంలో పెట్టుకునేది గదరా, నీళ్లల్లో ఏంటికి పెంచుతాండావు?" అని మా అమ్మ.

పగడం ఒళ్లు కట్టుకోవడానికి నీళ్లలోని కాల్షియాన్నీ క్షారాన్నీ రోజూ లాగేసుకుంటుంది. ఆ క్షారం dKH అనే కొలతలో 8 దగ్గర నిలకడగా ఉండాలి. చేత్తో పరీక్షంటే గాజు గొట్టంలో నీళ్లు తీసి, నీలం పసుపయ్యేదాకా చుక్కలు లెక్కపెట్టడం. ట్యూబులైటు కింద అది ఎప్పటికీ ఆకుపచ్చే. విసిగిపోయి ఆటోమేటిక్ యంత్రం తెప్పించాను. పాత స్కూటరొచ్చేంత ఖరీదు.

ఆరు గంటలకోసారి తనే నీళ్లు పీల్చి, యాసిడ్ చుక్కలేసి, ఎంత యాసిడ్ పట్టిందో చూసి క్షారం అంకె ఫోనుకు పంపుతుంది. కడపలో పెళ్లికి పోయి, పంక్తిలో ఓళిగ తింటూ పగడాల క్షేమం చూసుకున్నాను. ఒక్క అంకె కాదు, వారం పొడుగునా ఎక్కుతోందా దిగుతోందా అన్నది కనిపిస్తుంది. ఆ సుఖం చుక్కల లెక్కలో లేదు. కాకపోతే యాసిడ్ అయిపోకుండా చూసుకోవాలి, నీళ్ల పులుపు కొలిచే దాని పీహెచ్ కడ్డీని అప్పుడప్పుడు కొలత తెలిసిన ద్రావణంలో ముంచి సరిచేయాలి. నీళ్లకది పరీక్ష పెడితే దానికి నేను పెట్టాలన్నమాట.

మొన్న శనివారం రాత్రి రెండింటికి ఫోను మొత్తుకుంది. క్షారం 5.1! వంటసోడాతో క్షారం పెరుగుతుందని చదువుకున్నవాణ్ణి కాబట్టి వంటింట్లోకి పరిగెత్తి, మూడు చెంచాలు కలిపి పోశాను. మళ్లీ కొలవమంటే 4.8. ఇంకో రెండు చెంచాలు. డబ్బా ఖాళీ. మూడోసారి కొలవమని నొక్కి, పక్కనే కూర్చున్నాను.

అప్పుడు వినపడింది. నన్నారి షర్బత్ అడుగంటాక స్ట్రా లాగితే వచ్చే గురగుర.

ఎండకు ఆవిరైన నీళ్లకు బదులు మంచినీళ్లు పోయడం రెండు రోజులుగా మరిచాను. తొట్టి మట్టం దిగి, పైపు మూతి సగం గాల్లో ఉంది. నీళ్లు తక్కువ, గాలి ఎక్కువ పీలిస్తే యాసిడూ తక్కువే పడుతుంది, అంకె దిగుతుంది. దాని లెక్కలో తప్పేం లేదు పాపం, తాగిందానికే లెక్క చెప్పింది.

అటకెక్కించిన చుక్కల సీసా దించాను. 13 చుక్కలు, అంటే క్షారం 13. పగడాలు మూతులు ముడుచుకున్నాయి. తెల్లారేదాకా ఉప్పునీళ్లు కలిపి కొంచెం కొంచెంగా మార్చాను. గబుక్కున దించితే అదో గండం.

పొద్దున మా మామ వాళ్లొచ్చారు. ఉగ్గాని, బజ్జీ. అమ్మ సోడా డబ్బా బోర్లించి తట్టింది, నావైపు చూసింది, ఏమీ అనలేదు. సోడా పడని బజ్జీని మామ రెండు చేతులా విరుస్తుంటే, ఇంకొకటి తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఇదిగూడా తొట్లో ఎయ్యి నాయనా. రాయే గదా."