అన్నీ ఇంట్లోనే అయిపోతాయి

ఏటా డిసెంబరు రెండోవారంలో పెద్ద కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక ప్రకటన వెలువడుతుంది. పదహారో తేదీ నుంచి ధనుర్మాసం, భోగి దాకా రోజూ తెల్లవారుజామున ఐదింటికి తిరుప్పావై (గోదాదేవి పాడిన తమిళ పాటలు), ఆరింటికి ప్రసాదం, బంధుమిత్రులంతా తప్పక రావాలి. ఆఖరి వాక్యం మాత్రం ఏ ఏడూ మారదు. "ఎవరూ ఏ శ్రమా పడక్కర్లేదు, అన్నీ ఇంట్లోనే అయిపోతాయి." దాని కింద వరసగా దండాల బొమ్మలు.

ఈ "అయిపోతాయి" అనే క్రియ మీద మన వ్యాకరణ పండితులు తగినంత దృష్టి పెట్టలేదని మనవి. వాక్యానికి కర్త, కర్మ, క్రియ ఉండాలని బడిలో చెప్పారు. ఇరవై మంది ఉన్న భక్తిగల కుటుంబంలో ఈ మూడింటికీ పంపకాలు ఎప్పుడో జరిగిపోయాయి. ఆదాయపు పన్ను కాగితాల్లో హిందూ అవిభక్త కుటుంబానికి పెద్దను కర్త అంటారు, కాబట్టి కర్త పెద్దాయన. క్రియ దానంతట అదే అయిపోతుంది. ఇక మిగిలిన కర్మ కోడళ్లది.

ఎలా అయిపోతుందో చూద్దాం. ఐదింటికి పాశురం, అంటే తిరుప్పావైలో ఆనాటి పాట, అందుకోవాలంటే నాలుగింటికి పొయ్యి వెలగాలి. వెలిగించే చెయ్యి తలస్నానం చేసి, మడి కట్టుకుని ఉండాలి. రెండు కిలోవాట్ల గీజరులో పాతిక లీటర్ల నీళ్లు ఈ చలికి కాగాలంటే అరగంట పైనే పడుతుంది. చన్నీళ్లు కలుపుకుంటే మూడు బకెట్లు. ఆ మూడూ పూజలో కూర్చునే మగవాళ్లవి, ఎందుకంటే వాళ్లు గంటసేపు కదలకుండా కూర్చోవాలి, చలేస్తుంది. వంట చేసేవాళ్లు ఎటూ పొయ్యి పక్కనే ఉంటారు కదా, వాళ్లకు చన్నీళ్లు చాలు, పైగా పుణ్యం. ఈ తర్కాన్ని ఎదిరించిన కోడలు ఇంతవరకూ పుట్టలేదు.

మడిచీరది ఇంకో కథ. ముందురోజు తడిపి ఆరేసింది పగలంతా ఎవరికీ తగలకుండా దండెం మీద ఉండాలి. డిసెంబరులో బయట వదిలేస్తే రాత్రి మంచుకు మళ్లీ తడిసి ఊరుకుంటుంది. లోపల ఫ్యాను కింద ఆరేస్తే ఆ గదిలో పడుకున్న మరిదిగారికి జలుబు. జలుబు ఎవరివల్ల వచ్చిందో వేరే చెప్పాలా.

ఇక పొంగలి. ఇంటివాళ్లు, వచ్చేవాళ్లు కలిపి నలభై మందికి దొన్నెలో పెట్టాలంటే కిలో బియ్యం, అరకిలో పెసరపప్పు. పప్పును కమ్మని వాసన వచ్చేదాకా మాత్రమే వేయించాలి, ఎర్రబడితే మెత్తబడదు. బియ్యం, పప్పు కొలిచిన గ్లాసుతోనే నాలుగింతలు నీళ్లు, అయినా చాలకపోవచ్చు, పొయ్యి మీద పక్కన ఇంకో చెంబుడు మరుగుతూ ఉండాలి. మిరియాలు కచ్చాపచ్చాగా దంచాలి. గుండుగా వేస్తే నలభై దొన్నెల అంచుల్లోనూ అవే మిగులుతాయి, వాటిని ఏరుకునేది పనమ్మాయి. జీలకర్ర, అల్లం, కరివేపాకు, జీడిపప్పు, పావుకిలో నెయ్యి. ఉప్పు దగ్గర ఊపిరి బిగబట్టాలి. అంత గుండిగకు యాభై అరవై గ్రాములు పడుతుంది, కానీ నైవేద్యం కదా, నాలుక మీద వేసుకుని చూడకూడదు. రుచి చూడకుండా వండినదాన్ని, రుచి చూడటం తప్ప ఇంకే పనీ లేనివాళ్లు నలభై మంది రుచి చూస్తారు.

అంతా చేసి, దించేటప్పటికి పొంగలి పాయసంలా జారుతూ ఉండాలి. ఇది గుర్తుపెట్టుకోండి. బియ్యంలోని గంజి చల్లారేకొద్దీ నీటిని పట్టుకుని బిగుస్తుంది, నెయ్యి పేరుకుంటుంది. ఐదున్నరకు దించి దేవుడి ముందు పెట్టారు. పాశురం చదవడం అయిపోయింది, ఎనిమిది పాదాలు, ఎంతసేపు. హారతి ఇస్తే సరిపోతుంది. అప్పుడు పెద్దాయన కళ్లద్దాలు సవరించుకుని, "ఇందులో ఒక చిన్న విశేషార్థం ఉంది" అంటారు.

పొంగలి వింటూ ఉంటుంది.

విశేషార్థం గోదాదేవి ఊరు శ్రీవిల్లిపుత్తూరులో మొదలవుతుంది. అక్కడి నుంచి శ్రీరంగం, ఆయన శ్రీరంగం యాత్రలో రైలు ఆలస్యమైన వైనం, ఆ రైల్లో కలిసిన పండితుడు, ఆ పండితుడు "మీవంటి వారు అరుదు" అన్న మాట. ఐదూ యాభై. గుండిగలో గరిటె నిటారుగా నిలబడింది. ఇప్పుడు శరణాగతి. శరణాగతికి ఉదాహరణగా అమెరికాలో మనవడి వీసా. ఆరూ ఐదు. గరిటె పట్టుకుని లేపితే గుండిగ కూడా లేచొచ్చేలా ఉంది. వెనక నిలబడ్డ చిన్నకోడలికి దీని విరుగుడు తెలుసు. గ్లాసుడు మరుగు నీళ్లు, రెండు గరిటెల కాగిన నెయ్యి పోసి అడుగు నుంచి కలిపితే క్షణంలో వదులవుతుంది. కానీ హారతి కాకుండా నైవేద్యాన్ని కదపకూడదు. ఆరూ ఇరవై. మనవడికి వీసా వచ్చింది. హారతి. మొదటి దొన్నె పెద్దాయనకే. నోట్లో పెట్టుకుని, నలభై మంది వినేలా, ఎంతో వాత్సల్యంతో అంటారు కదా: "ఇవాళ కాస్త బిగిసిందమ్మా."

ముగ్గు సంగతి తొందరగా ముగిస్తాను. కళ్లాపి చల్లిన వెంటనే వేస్తే పిండి నీళ్లలో కలిసి అలుక్కుపోతుంది, పూర్తిగా ఆరాక వేస్తే గాలికి పోతుంది, మధ్యలో పదినిమిషాలే సమయం. పదిహేను చుక్కల ముగ్గులో మూడో వరసలో ఒక చుక్క తప్పితే ఆఖరి తీగ ఎక్కడా కలవదు. గొబ్బెమ్మ మీది గుమ్మడిపువ్వుతో సహా ఫొటో తీసి "మా ఇంటి ముంగిట" అని పెట్టేవారు ఆ ముంగిట్లో మొదటిసారి అడుగుపెట్టేది అప్పుడే.

అసలు తిరుప్పావై ఏం చెబుతోందో వీళ్లెవరైనా విన్నారా అని నాకో అనుమానం. ముప్పై పాశురాలు. డిసెంబరు పదహారున మొదలుపెడితే రెండోది పదిహేడున వస్తుంది. అందులో గోదాదేవి వ్రతనియమాలు చెబుతుంది: నెయ్యి తినం, పాలు తాగం, కాటుక పెట్టం, పూలు ముడవం, చేయకూడనివి చేయం, చాడీలు చెప్పం. పాడిన నోటితోనే అదే ఉదయం పావుకిలో నెయ్యి పొంగలి తిని, అదే గుక్కలో పెద్దకోడలి పుట్టింటివాళ్లు ఈసారి ఎందుకు రాలేదో చర్చిస్తారు. నెయ్యి సంగతి క్షమించవచ్చు, ఇరవయ్యేడో పాశురంలో మోచేతి మీదుగా కారేంత నేతితో పరమాన్నం తిందామని ఆమే అంటుంది. కూడారై అని మొదలయ్యే ఆ పాశురం నాటి పరమాన్నం కోసం జనవరి పదకొండు దాకా ఆగాలని మాత్రమే నియమం. (అది వండేవాళ్లకు ఒక మాట. అన్నం పాలల్లో పూర్తిగా మెత్తబడ్డాకే బెల్లం పాకం వడకట్టి పోయాలి. ముందే పోస్తే మెతుకు అక్కడే గట్టిపడి ఆగిపోతుంది. మరుగుతున్న పాలల్లో పోస్తే విరిగినా విరుగుతాయి, దించి, వేడి తగ్గాక కలపండి.)

ఆరో పాశురం నుంచి పదిహేనో పాశురం దాకా, అంటే డిసెంబరు 21 నుంచి 30 దాకా, ఆమె చేసేదంతా ఒకటే పని. ఇంటింటికీ వెళ్లి నిద్రపోతున్న పదిమంది గోపికలను లేపడం. లేచినవాళ్లను వెంటబెట్టుకుని మరీ వెళుతుంది. ఆ పదిరోజులూ మన ఇళ్లలో ఈ మేలుకొలుపులు ఫోన్‌లో పెద్ద శబ్దంతో పెడతారు. ఎవరిని లేపడానికి? మూడున్నరకే లేచిన ఆడవాళ్లు వంటింట్లో ఉన్నారు. వినాల్సినవాళ్లు రగ్గు తలమీదకు లాక్కుంటున్నారు. ఇక పదిహేడో పాశురంలో ఇంటి యజమాని నందగోపుణ్ణే లేపుతారు, బట్టలూ నీళ్లూ అన్నమూ దానం చేసేవాడా లెమ్మని. లెక్క ప్రకారం అది జనవరి ఒకటిన పడుతుంది. ముందురోజు అర్ధరాత్రి కేకు కోసిన నందగోపులు ఆ ఉదయం లేవరు. ఆ ఒక్కరోజూ వ్యాఖ్యానం ఉండదు కాబట్టి పొంగలి మాత్రం అద్భుతంగా కుదురుతుంది.

ఇంతవరకూ నవ్వుకుంటూనే రాశాను. ఇక్కడ నవ్వు రావడం లేదు.

నెల రోజుల కార్యక్రమంలో ఇంట్లో నలుగురు ఆడవాళ్లుంటే నలుగురికీ ఆ మూడు రోజులు వస్తాయి. వస్తే వంటింట్లోకి రాకూడదు. రాకపోతే అన్నీ ఎలా అయిపోతాయి? అందుకని మందుల షాపు నుంచి నెలసరిని వాయిదా వేసే మాత్రలు తెప్పిస్తారు. నోరెథిస్టెరోన్. తేదీకి మూడురోజుల ముందు నుంచి, సాధారణంగా రోజుకు మూడు. అది హార్మోను. తలనొప్పి, వికారం, కడుపు ఉబ్బరం తెస్తుంది. రక్తం గడ్డకట్టే తత్వం ఉన్నవాళ్లు, కాలేయ జబ్బు ఉన్నవాళ్లు అసలు వేసుకోకూడదు. డాక్టరు పరీక్షించి రాయాల్సిన మందును, ఇంట్లో ఎవరో బావగారు చీటీ లేకుండా రెండు పట్టీలు తెచ్చి బల్లమీద పడేస్తాడు, తమలపాకులతో పాటు. వేసుకునే మనిషిని ఒక్క ముక్క అడిగినవాడు లేడు. నీ ఇంటి పిల్ల ఒంట్లో ఏం జరుగుతోందో తెలియకుండా ఆ నెత్తుటి మీద కట్టిన వాయిదాతో వండిన పొంగలి తిని "బిగిసింది" అంటావా? ఒక ఆడపిల్ల పాడిన పాటలయ్యా అవి! నలుగురు ఆడపిల్లలను బయటికి రమ్మని పిలిచిన పాటలు! వాటిని పెట్టుకుని నలుగురు ఆడపిల్లలను వంటింట్లోంచి కదలకుండా మాత్రలు మింగిస్తున్నారే, సిగ్గు లేదా?

సరే. కోపం వల్ల వ్రతభంగమంటారు. ముందుకు వెళదాం.

ఆ రెండో పాశురంలోనే దానధర్మాలు చేయగలిగినంత చేస్తామని కూడా ఉంది. హరిదాసు అక్షయపాత్రలో బియ్యం పోస్తూ ఫొటో దిగుతారు, బాగుంది. నెల రోజులూ ఏడింటికి బదులు ఐదున్నరకు వచ్చి గుండిగ తోమే పనమ్మాయికి జీతం ఎంత పెంచారని అడగండి. "ప్రసాదం పెడుతున్నాంగా" అంటారు. ఆ ప్రసాదం ఏమిటంటే, పైన చెప్పిన బిగిసిన పొంగలి, అందరూ తిన్నాక అడుగున మిగిలింది.

భోగినాడు గ్రూపులో చివరి ప్రకటన వస్తుంది. "భగవదనుగ్రహం వల్ల ముప్పై రోజులూ నిర్విఘ్నంగా అయిపోయాయి." మళ్లీ వరసగా దండాలు. ఆ సమయానికి గుండిగ పెరట్లో కుళాయి కింద ఉంటుంది. అడుగంటిన పొంగలిని పీచుతో గీకితే ఇత్తడి గీతలు పడుతుందే కానీ అది ఊడదు. వేడినీళ్లు పోసి రెండు గంటలు నాననివ్వాలి, తర్వాత చింతపండు. నానబెట్టింది ఎవరో ప్రకటనలో లేదు. అదీ అయిపోతుంది లెండి.