ప్రశ్న పిల్లలది, తొందర పెద్దలది

జూలైలో ఎగువన వానలు ముదిరి గోదావరికి ఎర్రనీరు తగిలిందంటే ధవళేశ్వరం దిగువన డెల్టా అంతటా కబుర్లు మారిపోతాయి. బ్యారేజీ దగ్గర నీటిమట్టం ఎన్ని అడుగులకు చేరింది, 11.75 అడుగులు తాకి మొదటి ప్రమాద హెచ్చరిక ఎప్పుడు జారీ అవుతుంది, లంకల్లో కూరగాయల తోటలు నిలుస్తాయా, ఈసారి పులస ఏ ధర పలుకుతుంది అన్నవి పెద్దల మాటలు. అదే రేవు మెట్ల మీద తల్లి చెయ్యి పట్టుకుని నిలబడిన నాలుగేళ్ల పిల్ల అడిగేది వేరు. "మనూళ్లో వాన పడలేదు కదమ్మా, నీళ్లెందుకు ఎర్రగా అయిపోయాయి?" నిన్నటి నీటి రంగు గుర్తుండడం, వానకూ బురదకూ సంబంధం ఉందని అంతకుముందే గమనించి ఉండడం, ఇవాళ ఆ లెక్క కుదరలేదని పట్టుకోవడం, ఈ మూడూ ఉంటేగాని ఆ ప్రశ్న పుట్టదు. వరద గురించి మాట్లాడుకుంటున్న పెద్దల్లో చాలామందికి అది తట్టి ఏళ్లు గడిచి ఉంటాయి.

ఇలాంటి ప్రశ్నలను అణచివేసేది పెద్దల కోపమేనని మనం సాధారణంగా అనుకుంటాం. కసిరితే పిల్లలు అడగడం మానేస్తారన్నది నిజమే కాని, ఈ తరం తల్లిదండ్రులు మునుపటిలా కసరడం లేదు. పైగా పిల్లల ప్రశ్నలకు మురిసిపోతారు, ఫోనులో రికార్డు చేసి బంధువులకు పంపుతారు, జవాబూ చెబుతారు. అయినా ఒకటో తరగతి దాటేసరికి అదే పిల్ల బడిలో నోరు మెదపదు. ఈ మార్పుకు కారణం ప్రశ్నను తొందరగా తెంచేసే మన అలవాటులో ఉందని, ఆ తెంచడం కోపంతోనే కాక నవ్వుతోనూ, చివరకు సరైన జవాబుతోనూ జరుగుతోందని నా అభిప్రాయం.

ముందుగా బడి సంగతి. బ్రిటన్‌లో బార్బరా టిజార్డ్, మార్టిన్ హ్యూస్ అనే పరిశోధకులు నాలుగేళ్లు నిండబోతున్న 30 మంది ఆడపిల్లల మాటలను ఇంట్లోనూ, నర్సరీ బడిలోనూ రికార్డు చేసి 1984లో ఫలితాలు ప్రచురించారు. ఇంట్లో తల్లిని సగటున గంటకు 26 ప్రశ్నలు అడిగిన పిల్లలు బడిలో టీచరును అడిగినవి గంటకు రెండు. అంతకంటే ఆలోచించదగ్గ సంగతి మరొకటి ఉంది. చదువుకున్న, కలిగిన కుటుంబాల్లోనే కాక కార్మిక కుటుంబాల్లోనూ పిల్లలకు ఇంటి మాటల్లో గట్టి జ్ఞానమే అందుతోందని, అది ప్రత్యేకంగా కూర్చోబెట్టి చెప్పే పాఠాల్లో కంటే వంట, అంట్లు, తిండి, దుకాణం వంటి రోజువారీ పనుల నడుమ జరిగే సంభాషణల్లో దొరుకుతోందని వారు తేల్చారు. రొయ్యల షెడ్డులో పన్నెండు గంటలు నిలబడి వచ్చిన తల్లికి పిల్లతో గడపడానికి సమయమెక్కడిదన్న మాట న్యాయమైనదే. కాని బియ్యం చెరుగుతున్నప్పుడు నూకలు ఒకవైపుకూ ఊక ఇంకోవైపుకూ ఎందుకు పోతున్నాయని పిల్ల అడిగితే, జవాబు ఆ చేటలోనే ఉంది. చేట ఒకసారి దాని చేతికిస్తే నాలుగు గింజలు నేల పాలవుతాయి, అంతే నష్టం.

ఇక నవ్వు సంగతి. గోదావరి జిల్లాల వెటకారం రాష్ట్రమంతా ప్రసిద్ధం. మనకది గర్వకారణం కూడా, అందులో నాకూ మినహాయింపు లేదు. ఆకాశం నీలంగా ఎందుకుందని మనవడు అడిగితే "మీ ముత్తాత నిచ్చెనేసుకుని నీలిమందు పూశాడ్రా, ఆయ్" అని తాతయ్య అనడంలో తప్పేమీ లేదు. అది కల్పన అని ఇద్దరికీ తెలుసు. "మరి మబ్బుల మీద ఎందుకు పూయలేదు తాతయ్యా?" అని పిల్లవాడు దానికి కొసరు వేస్తే, ఊహకు అంతకంటే మంచి వ్యాయామం దొరకదు. తేడా ఎక్కడ వస్తుందంటే, పదిమంది కూర్చున్న అరుగు మీద అదే ప్రశ్నకు "వచ్చాడండీ మా సైంటిస్టు గారు" అన్నప్పుడు. ఇక్కడ నవ్వు ఆకాశం మీద కాదు, అడిగినవాడి మీద. అడిగితే నవ్వుతారు, ఊరుకుంటే బుద్ధిమంతుడంటారు. ఈ లెక్క అర్థం కావడానికి పిల్లలకు ఎక్కువ రోజులు పట్టదు. ఆడపిల్లల విషయంలో వెటకారంతోనూ ఆగదు, దానికి "నోరెక్కువ" అన్న ముద్ర తోడవుతుంది, ఆ ముద్ర పెళ్లిచూపుల దాకా వెంట వస్తుంది.

ఒకే ప్రశ్న పదేపదే అడిగితే అది మొండితనమనో, మాట కోసం మాటనో అనుకోవడం మరో పొరపాటు. మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన బ్రాండీ ఫ్రేజియర్, సుసాన్ గెల్మన్, హెన్రీ వెల్మన్ 2009లో ప్రచురించిన పరిశీలన ప్రకారం, కారణం చెప్పినప్పుడు చిన్నపిల్లలు ఒప్పుకుని దాని మీద తర్వాతి ప్రశ్నకు వెళుతున్నారు. దాటవేసినప్పుడే అదే ప్రశ్న మళ్లీ వేస్తున్నారు, లేదా తమకు తోచిన కారణాన్ని తామే చెప్పుకుంటున్నారు. మన ఏడు చేపల కథ నడిచేదే ఈ పద్ధతిలో. ఎండని చేప గడ్డిమోపు మీద చెబుతుంది, గడ్డిమోపు ఆవు మీద చెబుతుంది, అలా చీమ పుట్ట దాకా ఎవరిని అడిగితే వాళ్లు ఒక కారణం చెబుతారే తప్ప, ఆ వరుసలో "ఎన్నిసార్లు అడుగుతావు" అన్నవాళ్లు ఒక్కరూ లేరు.

సరైన జవాబు కూడా ప్రశ్నను చంపుతుందన్నది కొంత వింతగా తోచవచ్చు. 2011లో ఎలిజబెత్ బోనావిట్జ్, లారా షుల్జ్ తదితర పరిశోధకులు ఒక కొత్త బొమ్మను బడి ఈడుకు రాని పిల్లలకు ఇచ్చి చూశారు. అందులో నాలుగు రకాల తమాషాలు దాగి ఉన్నాయి. "ఈ బొమ్మ ఇలా పనిచేస్తుంది" అంటూ పెద్దవాళ్లు ఒక తమాషాను చేసి చూపినప్పుడు, పిల్లలు ఎక్కువగా ఆ ఒక్కదానితోనే ఆడి, తక్కువసేపట్లో పక్కన పెట్టేశారు. అదే తమాషా చెయ్యి తగిలి అనుకోకుండా బయటపడినట్టు చూపినప్పుడు, మిగిలినవి కూడా వెతికి పట్టుకున్నవారు ఎక్కువ. చెప్పవలసినదంతా పెద్దవాళ్లు చెప్పేశారని పిల్లలు భావిస్తే ఇక వెతకవలసిన పని వారికి కనిపించదు. ఫోను తీసి గూగుల్‌ను అడిగి రెండు నిమిషాల్లో వీడియో చూపించడం చాలా ఇళ్లలో ఇప్పుడు జరుగుతున్న పని. అందులో తప్పుడు సమాచారం ఉండకపోవచ్చు, పిల్లవాడు చెయ్యవలసిన పనీ ఉండదు.

కోనసీమలో ప్రతి పిల్లా ఎప్పుడో ఒకప్పుడు అడిగే ప్రశ్న తీసుకుందాం. కొబ్బరికాయలోకి నీళ్లు ఎలా వెళ్లాయి? వేళ్లు పీల్చిన నీరు మానులోంచి గెల దాకా ఎక్కి, కాయ లోపలి ఖాళీలో పోషకాలతో కలిసి నిండుతుందన్నది జవాబు. పది క్షణాల్లో చెప్పేయవచ్చు, చెప్పి ముగించేయవచ్చు కూడా. కాని ఈ ప్రశ్నకు డెల్టాలో ఉన్న వసతి చాలాచోట్ల ఉండదు. కాపు మీదున్న చెట్టు ఇంచుమించు నెలకో గెల వేస్తుంది, పూత విచ్చిన నాటి నుంచి కాయ ముదరడానికి సుమారు ఏడాది పడుతుంది. అంటే పెరట్లో ఉన్న ఒక్క చెట్టు మీదే పిందె మొదలు ముదురు కాయ వరకు అన్ని వయసులూ ఒకేసారి కనిపిస్తాయి. కాయల దింపు రోజున దింపు కార్మికుణ్ణి బతిమాలుకుని ఒక లేత బొండం, ఒక ముదురు బొండం, ఒక పండిన కాయ తీయించుకుని, అటక మీద నుంచి ఒక కురిడీ, అంటే లోపలి నీరింకి ఎండిన కాయ, దించి, నాలుగూ వరసగా అరుగు మీద పెడితే చాలు. మొదట ఊపి వినమనాలి. లేత బొండం చప్పుడు చెయ్యదు. పండిన కాయ గలగలమంటుంది. కురిడీలో నీళ్లుండవు, చిప్పను వదిలేసిన కొబ్బరి గుడుగుడుమని దొర్లుతుంది. నిండుకుండ తొణకదని మామ్మ రోజూ అనే మాట పిల్ల చేతిలోనే రుజువవుతుంది. తర్వాత కొట్టి చూడాలి. మొదటిదాంట్లో అంతా నీరే, రెండోదాంట్లో గోడకు మీగడలా పేరుకున్న లేత కొబ్బరి, మూడోదాంట్లో మందపాటి కొబ్బరి, తగ్గిన నీరు. నీళ్లు ఎలా వెళ్లాయని అడిగిన పిల్ల ఇప్పుడు నీళ్లు ఏమైపోయాయని అడుగుతుంది. అది తన సొంత ప్రశ్న, మొదటిదానికంటే కష్టమైనది.

పీచు ఒలిచాక మూడు కళ్లు బయటపడతాయి. ఒక పుల్లతో గుచ్చి చూడమంటే రెండు గట్టిగా ఉంటాయి, ఒకటి లొంగుతుంది. మొలక వచ్చే దారి అదే. "మూడు కళ్లుంటాయి, శివుడు కాదు, నీళ్లుంటాయి, మేఘం కాదు" అన్న పొడుపు కథను పిల్లలకు మనం విప్పి చెబుతాం గాని కట్టమనం. నిజానికి పొడుపు కథ కట్టడమంటే ఒక వస్తువును తిప్పి తిప్పి చూసి, దాని గుణాలు ఏరి, వేటితో పొరబడే వీలుందో ఆలోచించడం. అయిదేళ్ల పిల్లలు చక్కగా కట్టగలరు, ప్రాస కుదరకపోతే కుదరదు.

ఎర్రనీటి ప్రశ్నకు ఇంకా తక్కువ సరంజామా చాలు. ఒక గాజు గ్లాసు నిండా కాలువ నీళ్లు తెచ్చి కిటికీలో కదపకుండా ఉంచితే, తెల్లారేసరికి కొంత ఒండ్రు అడుగున దిగి పైన నీరు కాస్త తేరుకుంటుంది. బిందె లోపల ఇండుపు గింజ అరగదీసి నీళ్లు తేర్చడం తెలిసిన ముసలమ్మలు ఊళ్లో ఇంకా ఉన్నారు, వాళ్లను పిలిస్తే రెండో గ్లాసులో పని వేగంగా జరగడం పిల్ల చూస్తుంది. ఆ మట్టి ఎక్కడిదంటే శబరి, ఇంద్రావతి, ప్రాణహిత వంటి ఉపనదులు పారే కొండలూ అడవులూ చెప్పాలి. అంటే మన ఊళ్లో వాన పడనక్కర లేదు. ఆ మట్టే వేల ఏళ్లుగా పేరుకుని మనం నిలబడిన ఈ నేల అయిందని కూడా అప్పుడు చెప్పవచ్చు, నమ్మడానికి పిల్ల ముందు గ్లాసు ఉంది. యానాం, అంతర్వేది వైపు పిల్లలైతే గోదారి సాయంత్రం వెనక్కి ఎందుకు పోతోందని అడుగుతారు. వారికి పోటూ పాటూ తెలిసిన తాతలు ఇంటింటా ఉంటారు కాబట్టి, రేవు మెట్ల మీద సుద్దతో గీత గీసి రోజూ ఒకే వేళకు చూడమంటే, గీత ఎందుకు కుదరడం లేదన్న దగ్గర చంద్రుడు తానే వస్తాడు.

బొమ్మలు వేసే పిల్లల గురించి ఒక మాట. చిత్రలేఖనం పుస్తకంలో నదికి నీలిరంగు వేయాలన్నది బడిలో దాదాపు శాసనం. ఏడాదిలో కొన్ని నెలలు ఎర్రటి గోదావరినే చూసే పిల్లవాడు నదికి ఇటుకరంగు వేస్తే "నీళ్లు నీలం కదా" అని దిద్దుతారు. ఇక్కడ పోయేది రంగు ఒక్కటే కాదు. కళ్లతో చూసినదానికంటే పుస్తకంలో ఉన్నది నిజమని వాడు నేర్చుకుంటాడు. సృజన అంటే లేనిదాన్ని ఊహించడమని మాత్రమే మనం అనుకుంటాం, ఉన్నదాన్ని తన కళ్లతో చూడగలగడం అందుకు ముందు మెట్టు. కొబ్బరాకుతో బూర చుట్టి, తాటిబుర్రలకు పుల్ల గుచ్చి బండి చేసుకునే పిల్లలకు ఆకు ఎంత బిగించి చుడితే ఏ మోత వస్తుందో, ఇరుసు వంకరైతే బండి ఎటు లాగుతుందో చేతికి తెలుస్తుంది. బడి ప్రాజెక్టుల పేరుతో బజారులో కొన్న థర్మాకోలు నమూనాలను రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుని అతికించేది తల్లిదండ్రులే గనుక, వాటి గురించి ఇక్కడ చెప్పవలసిందేమీ లేదు.

విధానాల వైపు లోటు లేదు. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును పునాది దశగా గుర్తించింది, 2022లో వచ్చిన ఆ దశ పాఠ్య ప్రణాళిక చట్రం ఆటకూ సంభాషణకూ పెద్దపీట వేసింది, 2023లో జాదుయీ పిటారా పేరుతో బొమ్మలు, పజిళ్లు, కథల పెట్టెను కేంద్రం విడుదల చేసింది. కాని అంగన్‌వాడీలో ఆ పిల్లల ముందున్నది ఒకే కార్యకర్త. పోషకాహారం పంచాలి, బరువులు తూచాలి, పోషణ్ ట్రాకర్ యాప్‌లో వివరాలు ఎక్కించాలి, మధ్యలో ఎవరైనా అధికారి వస్తే రిజిస్టర్లు చూపాలి. ఆమెను పిల్లల ప్రశ్నలకు ఓపిగ్గా జవాబివ్వమని ఉపదేశించడం సులభం, ఆ పని భారం తగ్గించకుండా అలా ఉపదేశించడం న్యాయం కాదు. అయితే ఒకదానికి మాత్రం ఖర్చు లేదు. అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు తరగతి గదులను పరిశీలించి, ప్రశ్న వేశాక టీచర్లు జవాబు కోసం ఆగేది సాధారణంగా ఒక్క క్షణమేనని, దాన్ని మూడు క్షణాలకు పెంచితే పిల్లల జవాబులు పొడవవడమే కాక వాళ్లు అడిగే ప్రశ్నలూ పెరుగుతాయని 1970లలోనే చూపారు.

పిల్లల ప్రశ్నలకు బడిలో చోటివ్వడం మన దేశంలో జరగని పని కాదు. మధ్యప్రదేశ్‌లో 1972 నుంచి 2002 దాకా సాగిన హోషంగాబాద్ విజ్ఞాన బోధన కార్యక్రమంలో సవాలీరామ్ అనే కల్పిత వ్యక్తికి పిల్లలు ఉత్తరాలు రాసేవారు, ఏ ప్రశ్న అయినా అడిగేవారు, జవాబు వచ్చేది. రాయడం రాని అంగన్‌వాడీ పిల్లల విషయంలో ఆ పని వేరుగా చేయాలి. గోడకు ఒక నల్లబల్ల పెట్టి, రోజుకు ఒక్క ప్రశ్నను పిల్ల మాటల్లోనే, పేరుతో సహా, భాష దిద్దకుండా కార్యకర్త రాస్తే చాలు. సాయంత్రం తీసుకెళ్లడానికి వచ్చే తాతలూ అమ్మమ్మలూ దాన్ని చదువుతారు. వాళ్లలో ఒకరు వల వేసేవారు, ఒకరు కొబ్బరి ఒలుపు కార్మికుడు, ఒకరు నారుమడి పోసేవారు అయి ఉంటారు గనుక, ఏ ప్రశ్న ఎవరి వాకిట తేలుతుందో వాళ్లే చెప్పుకోగలరు.

నీళ్ల దగ్గరకు పిల్లలను పంపడానికి తల్లులు భయపడడంలో అర్థముంది. కాలువల్లో పిల్లలు పోయిన ఊళ్లు డెల్టాలో చాలా ఉన్నాయి, "గట్టు మీదకెళ్లకు" అన్నది చాదస్తం కాదు. అందుకే కాలువల మీద నీటినీ పడవలనూ దించే తలుపుల కట్టడాలైన లాకుల గురించి అడిగే పిల్లలకు ఏటా ఒక అదను ఉంది. దాళ్వా, అంటే రెండో పంట, కోతలయ్యాక మరమ్మతుల కోసం కాలువలు కట్టేసే రోజుల్లో, ఎన్నడూ కనిపించని అడుగు, తలుపుల కింది గడప, గోడల మీద నీటి గుర్తులు పైకి తేలతాయి. పడవను ఎత్తు నుంచి పల్లానికి మెట్టు దించినట్టు ఎలా దించేవారో అప్పుడు గట్టు మీద నుంచే వేలుపెట్టి చూపవచ్చు. గేట్లు తిప్పే లస్కరును ముందుగా అడిగి ఒక పొద్దుటి పూట రమ్మంటే, చక్రం ఎన్ని చుట్లు తిప్పితే తలుపు ఎంత లేస్తుందో ఆయన కంటే బాగా చెప్పగలవారు లేరు. బడులకు వేసవి సెలవులు మొదలయ్యేలోగా పెట్టుకోవాలి, పదిమంది పిల్లలకు కనీసం ముగ్గురు పెద్దలు ఉండాలి, ఎండ ముదరకముందే తిరిగి రావాలి.