ప్లగ్ తీస్తే సరిపోదు

టీవీ పవర్ బోర్డులో ఉబ్బిన కెపాసిటర్ (ఛార్జ్ నిల్వ చేసే భాగం) మార్చడం గురించి మీ వ్యాసంలో చక్కగా రాశారు. కానీ ‘ప్లగ్ తీసి పని మొదలుపెట్టండి’ అని వదిలేశారు, అది చాలదండీ. మన 230 వోల్టుల ఏసీ కరెంటు రెక్టిఫై అయ్యాక, అంటే డీసీగా మారాక, పెద్ద ఫిల్టర్ కెపాసిటర్‌లో దాదాపు 325 వోల్టులు నిలుస్తాయి. ప్లగ్ తీశాక కూడా అందులో ఛార్జ్ మిగిలి ఉండొచ్చు. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయడం చాలామందికి అలవాటు, దయచేసి వద్దు. 10 కిలో ఓమ్‌లు, 5 వాట్ల రెసిస్టర్‌ని ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులతో కాసేపు తగిలించి, మల్టీమీటర్ సున్నాకి దగ్గరగా చూపించాకే చెయ్యి పెట్టండి.

ఇక పాత కెపాసిటర్‌ని ఊడదీసేటప్పుడు: బోర్డుకి దాని కాళ్లను అతికించే సీసం లేని సోల్డర్ సుమారు 217 డిగ్రీలకు గానీ కరగదు. దాని మీద కొంచెం 63/37 సోల్డర్ (63% తగరం, 37% సీసం) కలిపితే తొందరగా వదులుతుంది, ప్యాడ్ (బోర్డు మీద కాలు అతికే రాగి చుక్క) లేచిపోయే భయం తగ్గుతుంది. కొత్త కెపాసిటర్‌కి చార ఉన్న వైపు నెగెటివ్. వోల్టేజి రేటింగ్ మాత్రం పాతదానికంటే తగ్గకూడదు.