వంద మందికి పాతిక అరలా?

ఆట బాగుంది, ఆడేవాళ్లే దొరకడం లేదు. చిన్న ఆన్‌లైన్ ఆటల గురించి తరచూ వినిపించే మాట ఇది. నెల్లూరులోనో ఒంగోలులోనో నలుగురు ఇంజినీరింగ్ కుర్రాళ్లు కూడి ఆట తయారుచేయడం ఇప్పుడు వింతేమీ కాదు. బొమ్మలు బాగానే గీస్తారు, కోడూ బాగానే రాస్తారు. ఆడేవాళ్లకు ఉజ్జీలు కుదిర్చే దగ్గరికి వచ్చేసరికి మాత్రం కోట్ల మంది ఆడే ఆటల పద్ధతిని ఉన్నదున్నట్టు దించేస్తారు. ర్యాంకులు, సీజన్లు, నాలుగైదు మోడ్‌లు (ఆడే తీరులు), ప్రాంతానికో సర్వర్. మేం తప్పుపట్టేది దాన్నే.

లెక్క వేసి చూడండి. రాత్రి తొమ్మిదింటికి ఆటలో 200 మంది ఉన్నారనుకుందాం. అందులో సగం మంది అప్పటికే మ్యాచ్‌లో మునిగి ఉంటారు. మిగిలిన వంద మందిని మూడు మోడ్‌లు, రెండు ప్రాంతాలు, నాలుగు ర్యాంకుల కింద విడగొడితే 24 అరలవుతాయి. అరకు సగటున నలుగురు. జట్టుకు ఐదుగురు చొప్పున తలపడే ఆటకు పది మంది కావాలి. అంటే వంద మంది కాచుక్కూర్చున్నా ఒక్క మ్యాచ్ మొదలవడం కష్టం. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది. రెండు నిమిషాలు చూసి ఒకడు రీల్స్‌లోకి జారుకుంటాడు. వాడు పోయాక మిగిలినవాళ్ల నిరీక్షణ ఇంకా పెరుగుతుంది, ఇంకొకడు లేచిపోతాడు. ఆట బాగోలేక కాదు, అరలు ఎక్కువై ఆట చచ్చిపోతుంది.

కాబట్టి మొదటి ఏడాది ఒకే మోడ్, ఒకే క్యూ చాలు. ర్యాంకు మ్యాచ్‌లు వేరు, సరదా మ్యాచ్‌లు వేరు అన్న విభజన కూడా వద్దు.

‘అలా కలిపేస్తే సమ ఉజ్జీలు ఎలా దొరుకుతారు?’ అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఆటగాడి బలాన్ని పాయింట్లలో కొలవడానికి భౌతికశాస్త్ర ఆచార్యుడు ఆర్పాద్ ఎలో రూపొందించిన రేటింగ్ విధానాన్ని ప్రపంచ చదరంగ సమాఖ్య 1970లో స్వీకరించింది. ఆ లెక్క ప్రకారం 200 పాయింట్లు ఎక్కువున్న ఆటగాడికి నూటికి 76 వంతుల ఫలితం దక్కుతుందని అంచనా. తేడా 400 అయితే అది 90 దాటుతుంది. అంత తేడా ఉన్న ఇద్దర్ని కలపడం అన్యాయంగానే కనిపిస్తుంది. అయితే అదే లెక్కలో ఇంకో సంగతి ఉంది. గుణకం (ఒక్క ఆటతో రేటింగ్ ఎంత మారొచ్చో చెప్పే అంకె) 20 ఉన్న ఆటగాడు తనకన్నా 400 పాయింట్లు పైనున్నవాడి చేతిలో ఓడితే పోయేది రెండు పాయింట్లలోపే. గెలిస్తే వచ్చేవి పద్దెనిమిదికి పైనే. బలహీనుడి రేటింగ్‌ను కాపాడే పని సూత్రమే చేస్తుంటే, మధ్యలో గోడ కట్టడం దేనికి? కొత్తవాడిని పారిపోయేలా చేసేది పాయింట్ల నష్టం కాదు, చిత్తుగా ఓడటం. దానికి విరుగుడు తూర్పు ఆసియా వాళ్లు గళ్ల బోర్డు మీద నల్ల, తెల్ల రాళ్లతో ఆడే గో ఆటలో ఎప్పటి నుంచో ఉంది: బలహీనుడు ముందుగానే కొన్ని రాళ్లు బోర్డు మీద పెట్టుకుంటాడు. ఆన్‌లైన్ ఆటలోనూ అలాంటి వెసులుబాటు ఇవ్వొచ్చు, ఇచ్చామని ఇద్దరికీ చెప్పొచ్చు.

అసలు ఎదుటివాడు అదే క్షణంలో హాజరు కావాలన్న నియమం ఎందుకు? ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీలు చూసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అంటూ వయసును బట్టి విభాగాలు పెడతారు. కానీ రెండు జతలు ఒకేసారి బరిలోకి దిగవు. ఒక్కో జత విడిగా దిగి, ఇచ్చిన సమయంలో బండను ఎన్ని అడుగులు లాగితే అంత లెక్క. పోటీ మాత్రం ఎక్కడా తగ్గదు. చివరి జత కాడి దించేదాకా మొదటి జత రైతుకు కుదురుండదు. నిన్న ఒంగోలులో ఒకరు పరిగెత్తించిన కారు తాలూకు రికార్డయిన జాడతో ఈరోజు కావలిలో మరొకరు పోటీపడే ఆటను మన కుర్రాళ్లు రాయలేరా?

ముఖాముఖి ఆటే కావాలంటే వేళ పెట్టండి. శుక్రవారం రాత్రి తొమ్మిది నుంచి పది. రోజంతా చెల్లాచెదురుగా వచ్చిపోయే వంద మంది కన్నా ఆ గంటలో కలిసే నలభై మంది ఎక్కువ మ్యాచ్‌లు ఆడతారు. ఇక్కడ రాత్రయితే డాలస్‌లో ఉదయం కాబట్టి అక్కడి తెలుగువాళ్లూ చేరొచ్చు. అయితే ఆప్టికల్ ఫైబర్‌లో కాంతి వేగం సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు. అంత దూరం పోయి రావడానికే సెకనులో పదో వంతుకు మించి పడుతుంది. కాల్పుల ఆటకు అది కుదరదు, ఎత్తుకు పైఎత్తు వేసే ఆటకు ఏ ఇబ్బందీ లేదు. తెలుగువాళ్లకు వేరే క్యూ పెట్టమని తెలుగు పత్రికగా మేం అడగాలి కాబోలు. అడగం. అది ఇరవై అయిదో అర అవుతుంది. భాషను ఇష్టంగా ఎంచుకోనివ్వండి చాలు.

మనుషులు చాలనప్పుడు బాట్‌లను (కంప్యూటరే ఆడించే ఆటగాళ్లను) దింపడం తప్పు కాదు. వాటికి మనుషుల పేర్లు తగిలించి ఏమార్చడం మోసం. నాలుగు మ్యాచ్‌లాడితే ఎవరికైనా తెలిసిపోతుంది, ఆ తర్వాత నిజం చెప్పినా నమ్మరు. తిరిగే చక్రం బదులు ‘ఇప్పుడు ఏడుగురు ఉన్నారు, తర్వాతి మ్యాచ్‌లు తొమ్మిదింటికి’ అని రాస్తే పోయేదేముంది?

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025లో పార్లమెంటు చేసిన చట్టం ఈ-స్పోర్ట్స్‌ను, సరదా ఆటలను ప్రోత్సహిస్తామంటోంది. ఆ ప్రోత్సాహం పెద్ద టోర్నమెంట్ల దగ్గరే ఆగకుండా చిన్న జట్లు అద్దెకు తీసుకునే సర్వర్ల ఖర్చు దాకా రావాలి. ఆట తయారుచేసేవాళ్లు కూడా ఒక మాట ఇవ్వాలి. ఫ్రెంచ్ ఆటల కంపెనీ యూబీసాఫ్ట్ 2024 మార్చి 31న ‘ది క్రూ’ అనే కార్ల పందెం ఆట సర్వర్లు ఆపేయడంతో డబ్బు పెట్టి కొన్నవాళ్లకు సైతం ఆట లేకుండా పోయింది. అమ్మిన ఆటలను ఇలా చంపొద్దంటూ యూరప్‌లో పది లక్షల పైచిలుకు సంతకాలు కదలడానికి అదే కారణమైంది. ఇక్కడి కుర్రాళ్లు ఉద్యోగాలొచ్చి బెంగళూరు వెళ్లిపోయినా, మిగిలిన ముప్పై మంది సొంత సర్వర్ పెట్టుకుని ఆడుకునేలా సర్వర్ ప్రోగ్రాంను వాళ్ల చేతికి ఇస్తామని విడుదల రోజునే రాసివ్వాలి.