అందరికీ సగం ఇస్తే న్యాయం అయిపోతుందా?

డూప్లికేట్ బ్రిడ్జి అనే జంటల పేకాట పోటీలో ఒక బోర్డు (పంచిన ముక్కలు ఉంచే అరల పెట్టె) ముక్కలు మధ్యలో తారుమారయ్యాయని తేలినప్పుడు, దాన్ని ఆడిన జంటలన్నిటికీ తలా సగం పాయింట్లు ఇచ్చి చేతులు దులుపుకోవడాన్ని నేను న్యాయం అనుకోను. అది లెక్క వేయడానికి బద్ధకించి, ఆ బద్ధకానికి సమానత్వం అని పేరు పెట్టుకోవడం. గత ఆదివారం సికింద్రాబాదులో జరిగిన ఒక పోటీ తర్వాత ఈ మాట కొంచెం ఘాటుగానే రాస్తున్నాను.

పేకలో అదృష్టమెంత, నేర్పు ఎంత అన్న వాదం మన ఊరికి కొత్త కాదు. సికింద్రాబాదులోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడించారని పెట్టిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రమ్మీలో నేర్పుదే పైచేయి అనీ, అందులోని అదృష్టం బ్రిడ్జిలో ముక్కలు పంచినప్పుడు ఉండే అదృష్టం వంటిదేననీ 1967లో తీర్పు వచ్చింది. ఆ పంపకపు అదృష్టాన్ని కూడా వీలైనంత తీసేయడానికే డూప్లికేట్ పద్ధతి ఉంది. పంచిన ముక్కలు పంచినట్టే నాలుగు అరల బోర్డులో ఒక బల్ల నుంచి మరో బల్లకు వెళ్తాయి కనుక, మన చేతికి ఆసులు వచ్చాయా రెండ్లు వచ్చాయా అన్నది కాక, అవే ముక్కలతో మిగతా బల్లలవాళ్ల కన్నా మనం ఏం చేశామన్నదే లెక్కకు వస్తుంది. మనకన్నా తక్కువ చేసిన ప్రతి జంటకు రెండు పాయింట్లు, సమానంగా చేసిన ప్రతి జంటకు ఒకటి. ఈ భవనమంతా ‘అవే ముక్కలు’ అనే ఒక్క మాట మీద నిలబడి ఉంది.

ఆ రోజు 13 బల్లలు, 26 బోర్డులు. ప్రతి బోర్డునూ 13 సార్లు ఆడతారు కాబట్టి ఒక బోర్డుకు గరిష్ఠంగా 24 పాయింట్లు. 19వ బోర్డు మా బల్లకు 11వ రౌండులో వచ్చింది. దక్షిణాన నేను, ఒప్పందం నాలుగు ఇస్పేట్లు, అంటే ఇస్పేటు తురుపుగా పది ట్రిక్కులు (నలుగురూ తలా ఒక ముక్క వేసే చుట్లు) గెలుస్తామన్న మాట. డమ్మీలో, అంటే బల్ల మీద పరిచిన ఉత్తరం (నా జోడీ) ముక్కల్లో, కళావరు ఆసు, రాజు, జాకీ, ‘రెండు’ కనిపించాయి. (బల్ల దగ్గర అందరం క్లబ్స్ అనే అంటాం గానీ, రాసేటప్పుడు నాకు కళావరే ముద్దు.) రాణి పడమర చేతిలో ఉందనుకుని జాకీ వేసి చూశాను, తూర్పు చేతిలోంచి రాణి దిగి ఆ ట్రిక్కు పోయింది. పదకొండు ట్రిక్కులు, 450. ఆట ముగిశాక పంచిన ముక్కల వివరాల కాగితం చేతికిచ్చారు. అందులో కళావరు రాణి ఉత్తరం చేతిలో ఉంది! ‘రెండు’ తూర్పు చేతిలో ఉంది.

9వ రౌండులో ఆ బోర్డు ఆడినవాళ్లు, ఆట అయ్యాక ముక్కలు వెల్లకిలా పరిచి చర్చించుకుని, తిరిగి సర్దేటప్పుడు ఆ రెండు ముక్కలనూ మార్చేశారని విచారిస్తే తేలింది. అంటే మొదటి తొమ్మిది బల్లలది ఒక బోర్డు, చివరి నాలుగు బల్లలది మరో బోర్డు. తొమ్మిదింటిలో ఏడు బల్లలు ఇస్పేటు స్లామ్ (పన్నెండు ట్రిక్కుల ఒప్పందం) చేసి 980 తెచ్చుకున్నాయి, రెండు బల్లలు గేమ్ (పది ట్రిక్కుల ఒప్పందం) దగ్గరే ఆగి 480తో సరిపెట్టుకున్నాయి. మా నాలుగింటిలో రెండు బల్లలు స్లామ్‌కు వెళ్లి ఒక ట్రిక్కు తక్కువై ఓడాయి, ఒకరికి 420, మాకు 450. కలగాపులగంగా పోల్చిన మొదటి పట్టికలో మాకు 24కు 6 వచ్చాయి.

పోటీ నడిపే డైరెక్టరు గారు బోర్డును కొట్టేసి అందరికీ 12 ఇచ్చారు. నేను అభ్యంతరం చెబితే, “ఆరు వచ్చేచోట పన్నెండు వచ్చాయి కదండీ, ఇంకా గొడవ ఎందుకు?” అన్నారు. అప్పటికే భోజనాలు వచ్చేశాయి, బహుమతులు బల్ల మీద పేర్చి ఉన్నాయి.

గొడవ ఎందుకంటే, ఇటువంటి బోర్డును ఏం చేయాలో నియమావళిలో 87వ నియమం స్పష్టంగా చెబుతోంది కనుక. ఏ ఫలితాలు సరైన ముక్కలతో వచ్చాయో, ఏవి మారిన ముక్కలతో వచ్చాయో డైరెక్టరు వీలైనంత దగ్గరగా నిర్ణయించి, వాటిని గుంపులుగా విడదీసి, ఏ గుంపుకు ఆ గుంపు విడిగా లెక్కకట్టాలి. సగటు పాయింట్లు అసలు ఫలితమే రాని బోర్డుకు వేసే మందు; అక్కడ కూడా ఏ తప్పూ లేని జంటకు సాధారణంగా దక్కేది 60 శాతం, 50 కాదు. ఇక్కడ పదమూడు ఫలితాలూ నిక్షేపంగా ఉన్నాయి.

చిన్న గుంపు పాయింట్లను పెద్ద కొలతకు తేవడానికి న్యూబర్గ్ సూత్రం ఉంది. గుంపులో వచ్చిన పాయింట్లకు ఒకటి కలిపి, మొత్తం ఫలితాల సంఖ్యతో గుణించి, గుంపులోని ఫలితాల సంఖ్యతో భాగించి, ఒకటి తీసేయాలి. పరేడ్ గ్రౌండ్‌లో మెట్రో ఎక్కి స్కోరు కాగితం వెనక వేసుకుంటే, అమీర్‌పేట వచ్చేలోపు లెక్క తేలింది. నలుగురిలో మొదటివారమైన మాకు 6 పాయింట్లు. ఏడును 13తో గుణించి 4తో భాగిస్తే 22.75, ఒకటి తీసేస్తే 21.75. స్లామ్ చేసిన ఏడు జంటలకు తలా 14.89 రావాలి. కళ్ల ముందున్న స్లామ్‌ను వదిలేసిన రెండు జంటలకు రావలసింది 1.89, వాళ్లు కూడా 12 పట్టుకెళ్లారు. ఆ రెండు జంటలకు ప్రత్యర్థులుగా ఆడినవాళ్ల 22.11 కూడా 12కే దిగిపోయింది. నాకు తగ్గిన 9.75 కన్నా నాకు ఇదే ఎక్కువ బాధ.

ఫలితాలు ప్రకటించాక, నిర్వాహకులు వేరే గడువు పెట్టకపోతే, స్కోరు సవరణకు 30 నిమిషాలు ఉండాలని 79వ నియమం. మా దగ్గర పది నిమిషాల్లో బహుమతులు ఇచ్చేశారు. ఒకసారి కప్పు చేతులు మారాక ఎవరు అడుగుతారు, ఎవరు వింటారు?

ఇక ముక్కలు లెక్కపెట్టుకోమని ఆటగాళ్లకు చెప్పే హితబోధ గురించి. చూసేముందు బోర్లా పెట్టి పదమూడు ఉన్నాయో లేదో లెక్కపెట్టుకోవడం 7వ నియమం ప్రకారం మన విధే. పన్నెండో పద్నాలుగో ఉంటే అక్కడే దొరుకుతుంది. కానీ ముక్కకు ముక్క మారితే ఎన్నిసార్లు లెక్కపెట్టినా పదమూడే. దానికి మందు ఒక్కటే, అదీ ఆ నియమంలోనే ఉంది: ఆట ముగిశాక ఎవరి ముక్కలు వారు కలిపి అరలో పెట్టేయాలి, ఆ తర్వాత రెండు పక్షాలవారో డైరెక్టరో లేకుండా బయటికి తీయకూడదు. చర్చలు కాగితం వచ్చాక, చాయ్ దగ్గర చేసుకోవచ్చు.

ముక్కలను తప్పు అరలో పెట్టినవారికి పాయింట్లు కోసే అధికారం 90వ నియమం కింద డైరెక్టరుకు ఉంది. ఆ రోజు దాన్ని వాడలేదు. 9వ రౌండులో ఆ బోర్డు దగ్గర తూర్పున కూర్చున్నది మా బావగారే. ఈ పోస్టు పెట్టేముందు ఆయనకు చదివి వినిపించాను. “కోస్తే కోయనీరా, కానీ రాణిని ముందు తీసింది నేను కాదని కూడా రాయి” అన్నారు.